ట్యాంకు అడుగున బొక్క

సంక్రాంతి సెలవులకి వినుకొండ దగ్గర మా తండాకి పోతే, బాపు బండి అమ్ముతానన్నాడు. నా ఫీజు కోసమే. నోటితో చెప్పలేదు గానీ తెలుస్తుంది కదా. మిరపకాయల టిక్కీలు మోసీ మోసీ అరిగిన పాత స్ప్లెండర్. ట్యాంకుకి సొట్ట, మడ్‌గార్డుకి తుప్పు. కాస్త రంగేస్తే రేటొస్తుంది, నేనే చేస్తానన్నా.

ట్యాంకు విప్పి, సబ్బునీళ్లతో జిడ్డు వదిలించి, 120 నంబరు ఉప్పుకాగితంతో ఇనుము తేలేదాకా గీకా. అడుగున సూదిమొనంత బొక్క కనపడింది. లోపల్నుంచి తినేసిన తుప్పు. లప్పం పెడితే కొనేవాడికి తెలీదు. కానీ పెట్రోలు తగిలితే లప్పం మెత్తబడి ఊడిపోద్ది, కిందేమో ఇంజను వేడి. నిజం చెప్తున్నా, పెట్టేద్దామనే అనుకున్నా. బాపు వేలితో తడిమి చూసి, "వాడు పిల్లగాణ్ని ట్యాంకు మీదే కూర్చోబెడతాడురా" అన్నాడు. కొనేది పక్క తండా వాడే.

గ్యాస్ వెల్డింగు షాపుకి పోయాం. ఖాళీ ట్యాంకే కదా అని మంట పెట్టకూడదు, లోపలి ఆవిరే పేలుద్ది. ఆయన బాగా కడిగి, నీళ్లు నింపి, బొక్క దగ్గర మటుకు ఖాళీ ఉంచి ఇత్తడి పోశాడు.

తర్వాతే సొట్టకి లప్పం. హార్డెనర్ ఎక్కువై మొదటి ముద్ద చేతిలోనే గట్టిపడింది, పారేశా. ఆరాక కాగితాన్ని చెక్కముక్కకి చుట్టి 220, ఆపైన 400. లప్పం నీళ్లు పీలుస్తుంది, అందుకే పొడిగానే రుద్దాలి. వాటర్ పేపర్ ప్రైమర్ కొట్టాకే. కంటికి నున్నగున్నా అరచేతికి ఎత్తుపల్లాలు దొరుకుతాయి.

ప్రైమర్ దాకా వచ్చేసరికి సెలవులైపోయాయి. వెల్డింగు సంగతి బాపే చెప్పాడంట, బేరం వెయ్యి తగ్గింది. స్ప్రే డబ్బాతో నల్లరంగు కొట్టినోళ్లు ఉంటే చెప్పండి, ట్యాంకుకి ఎన్ని డబ్బాలు పడతాయి?