మాల్గుడి ఇల్లుంది, మా ఇల్లే లేదు

'అప్పుడు–ఇప్పుడు' రీల్స్ మీరూ చూసే ఉంటారు. పాత సీరియల్లోంచి ఓ స్క్రీన్‌షాట్ తీసుకుంటారు. అదే చోటికెళ్లి ఫోన్ పైకెత్తి, గోడకు గోడ, చెట్టుకు చెట్టు సరిపోయేలా నిలబడి ఫొటో కొడతారు. కింద కామెంట్లు రెండే రకాలు. 'అయ్యో, ఎంత మారిపోయిందో!' అని సగం, 'అరె, అస్సలు మారలేదే!' అని సగం. నాకూ ఈ పిచ్చి ఉంది. దాంతోనే పోయినేడు అమ్మను వెంటబెట్టుకుని అగుంబె వెళ్లాను.

అగుంబె కర్ణాటకలో, శివమొగ్గ జిల్లాలో పడమటి కనుమల అంచున ఉన్న చిన్న ఊరు. ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. దూరదర్శన్‌లో 1986లో మొదలైన 'మాల్గుడి డేస్' చాలా వరకూ తీసింది ఇక్కడే. నిజానికి మాల్గుడి అనే ఊరు ఏ మ్యాప్‌లోనూ లేదు. ఆర్.కె. నారాయణ్ 1935లో వచ్చిన 'స్వామి అండ్ ఫ్రెండ్స్'తో పుట్టించిన ఊహల ఊరది. దర్శకుడు శంకర్ నాగ్ దానికో వీధిని, ఇంటిని అగుంబెలో వెతికిపెట్టాడు. అగుంబెకు రైలు లేదు. అందుకని స్టేషన్ కోసం అరసాళు వెళ్లాడు. తెరమీద ఒకే ఊరు. రోడ్డు మీద మాత్రం ఈ రెంటికీ మధ్య గంటకు పైగా ప్రయాణం.

మేం ముందు అరసాళులోనే ఆగాం. సీరియల్ తీసినప్పుడు అది మీటర్ గేజ్ లైను. తర్వాత బ్రాడ్ గేజ్ వచ్చింది, కొత్త స్టేషన్ కట్టారు, బ్రిటిష్ కాలంనాటి ఆ పాత భవనం మూలపడింది. దాన్ని బాగుచేయించి 2020లో 'మాల్గుడి మ్యూజియం'గా తెరిచారు. ఆ పనికి పిలిచింది ఎవరినో తెలుసా? సీరియల్‌కి కళా దర్శకుడిగా చేసిన జాన్ దేవరాజ్‌నే. అంటే, నిజం స్టేషన్‌ని అప్పట్లో మాల్గుడిగా మార్చిన మనిషే, ముప్పై ఏళ్లు దాటాక వచ్చి మళ్లీ మాల్గుడిని చేశాడన్నమాట. నా స్క్రీన్‌షాట్ పక్కన పెడితే రంగులు కొత్తగా మెరుస్తున్నాయి. బాగుంది. కానీ అమ్మ పెద్దగా మాట్లాడలేదు. 'శుభ్రంగా పెట్టారు' అంది, అంతే.

అగుంబెలో 'దొడ్డ మనె' ముందు నిలబడ్డాక అసలు కథ మొదలైంది. దొడ్డ అంటే పెద్ద, మనె అంటే ఇల్లు. సీరియల్లో స్వామి వాళ్ల ఇల్లు ఇదే. వందేళ్లు దాటిన పెంకుటిల్లు. మధ్యలో ఆకాశం కనబడే లోగిలి, చుట్టూ కర్ర స్తంభాలు. మ్యూజియం కాదు, టికెట్ లేదు. మనుషులు ఉంటున్న ఇల్లు. నేను ఫోన్ తీసి ఫ్రేమ్ సరిచూసుకున్నాను. స్తంభానికి స్తంభం సరిపోయింది.

'అమ్మా, చూడు, అస్సలు మారలేదు!' అన్నాను.

అమ్మ పైకి, కప్పు వంక చూస్తూ ఉంది. 'మారకుండా అదంతట అదే ఉంటుందా? ఇంత వానలో ఒక్క ఏడాది పెంకులు సర్దకపోతే ఏమవుతుందో తెలుసా నీకు? మా నాయన ఏటా వానలకు ముందు మిద్దె మీద చౌడు పోయించేవాడు. ఒక్కసారి ఆలస్యమైతే వంటింట్లో గిన్నెలు పెట్టుకుని కూచునేవాళ్లం' అంది.

అమ్మ పుట్టి పెరిగింది కర్నూల్లో, ఒక మిద్దింట్లో. 'మాల్గుడి డేస్' చూసింది ఆ ఇంటి నడవలోనే, బ్లాక్ అండ్ వైట్ టీవీలో. హిందీ ఒక్క ముక్క రాదు. అయినా ఎల్. వైద్యనాథన్ కట్టిన ఆ టైటిల్ రాగం మొదలయ్యేసరికి పక్కింటి పిల్లలతో సహా అందరూ వచ్చి చాపల మీద కూచునేవాళ్లట. ఆ స్వామి వాళ్ల నాన్న, అంటే గిరీశ్ కర్నాడ్, కళ్లెర్రజేస్తే మా తాతను చూసినట్టే ఉండేదట.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు ఆల్బమ్‌లన్నీ నానిపోయి ముద్దలయ్యాయి. తాత పోయాక ఇల్లు వాటాలకు వచ్చింది, అమ్మేశారు. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. 'ఇప్పుడు' ఫొటో నా ఫోన్‌లో ఉంది. పక్కన పెట్టడానికి 'అప్పుడు' ఫొటోనే లేదు.

తమాషా చూడండి. ఎవరో ఊహించిన ఊరికి వీడియో ఉంది, మ్యూజియం ఉంది, యూట్యూబ్‌లో ఎపిసోడ్లున్నాయి. ఆ ఊరిని కళ్లార్పకుండా చూసిన నిజం ఇంటికి ఒక్క ఫొటో లేదు. కెమెరా ఎటు తిరిగి ఉందో అదే మిగిలింది. దానికి ఎదురుగా కూచున్న వాళ్ల గోడలు, చాపలు, టీవీ మీద కప్పిన కుట్టుగుడ్డ... అవేవీ ఏ ఫ్రేమ్‌లోకీ రాలేదు.

దొడ్డ మనె మిగలడానికి కూడా సీరియల్ ఒక్కటే కారణం కాదనిపించింది నాకు. సీరియల్ దాన్ని ఫేమస్ చేసింది. నిలబెట్టింది మాత్రం ఏటా పెంకులు సర్దినవాళ్లు, రోజూ లోగిలి ఊడ్చినవాళ్లు. 'అస్సలు మారలేదు' అని మనం ఒక్క ముక్కలో కామెంట్ పెట్టేదాని వెనక ఇంత చాకిరీ ఉంటుంది. స్క్రీన్‌షాట్‌లో అది కనబడదు.

తిరుగు బస్సులో అమ్మకు ఒక కాగితం, పెన్నూ ఇచ్చాను. మీ ఇంటి బొమ్మ గీయమన్నాను. మలుపుల్లో చెయ్యి కుదరక తీర్థహళ్లి దాటాక మొదలుపెట్టింది. వీధి అరుగు, నడవ, టీవీ ఉన్న మూల, వంటింటి మీద వెలుతురు పడే గవాక్షి, వెనక దొడ్లో వేపచెట్టు. కొలతలు లేవు, వంటిల్లు నడవకంటే పెద్దగా వచ్చింది. గీస్తూ ఏది ఎక్కడో చెబుతుంటే ఫోన్‌లో రికార్డ్ చేశాను. పద్దెనిమిది నిమిషాలు వచ్చింది. మధ్యలో కండక్టర్ కేకలూ ఉన్నాయి.

ఈసారి మీరు ఇంటికెళ్లినప్పుడు సెల్ఫీ కంటే ముందు కప్పు, గోడ, టీవీ ఉన్న మూల ఫొటో తీయండి. వెనక ఏ సీనరీ లేకపోయినా పర్లేదు. ఇంకో ముప్పై ఏళ్లకు మీ పిల్లలు 'అప్పుడు ఎలా ఉండేది?' అని అడిగితే చూపించడానికి అది చాలు.