గట్టిమేళం వెనక ఊపిరి

ముహూర్తం దగ్గరపడుతుంది. పురోహితుడు వేలెత్తి ‘గట్టిమేళం’ అంటాడు. డోలు ఒక్కసారిగా ఉరుముతుంది. సన్నాయి గొంతెత్తుతుంది. పెళ్లికొడుకు తాళి కడతాడు, అక్షింతలు రాలతాయి. ఆ శుభఘడియలో సన్నాయి ఊదుతున్నదెవరని పెళ్లివారు ఆరా తీయరు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తరతరాలుగా ఆ ఊపిరి చాలాచోట్ల ముస్లిం కుటుంబాలది.

ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా అలాంటి ఇంటి బిడ్డే. తండ్రి దగ్గర మొదలుపెట్టి, చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. కచేరీలు వచ్చాయి, పేరూ వచ్చింది. అక్కడితో ఆగినా కాదనేవారెవరు? కానీ తంజావూరు బాణీ ఆయన్ని నిలవనివ్వలేదు. రాగాన్ని తొందరపడకుండా, పొరపొరగా విప్పుకుంటూ పోయే పద్ధతి అది. దానికోసం తమిళనాడులోని నాచియార్‌కోయిల్ వెళ్లి, రాజం, దురైకన్ను సోదరుల ముందు మళ్లీ శిష్యుడై కూర్చున్నారు. భాష వేరు, మతం వేరు. అయినా వాళ్లు విద్య దాచుకోలేదు. ఈ కథలో సగం గొప్ప అడిగినవాడిదైతే, మిగతా సగం కాదనకుండా నేర్పినవాళ్లది.

తర్వాత ఆయన కాపురం శ్రీరంగానికి మారింది. రంగనాథుడి ఊళ్లో ఓ సాయిబు నాదస్వరం నేర్పే ఆశ్రమం పెట్టి, దానికి శారదమ్మ పేరు పెట్టుకున్నారు! 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి ‘సంగీత కళానిధి’ వచ్చాయి. ఆ మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు.

ఆయన దగ్గర తర్ఫీదు కోసం శ్రీరంగం చేరినవాళ్లలో ఓ తెలుగు జంట ఉంది... షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ. నాదస్వరం ఆడవాళ్లది కాదనుకునే రోజుల్లో కాలీషాబీ దాన్ని చేతబట్టారు. బారెడు వాద్యం, గుండెలనిండా దమ్ము కావాలి. భర్త పక్కన కూర్చుని, జంట కచేరీల్లో ఏమాత్రం తగ్గకుండా వాయించారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ప్రకటించారు.

సంగీతం అడ్డుగోడల్ని కూల్చేస్తుందని తేలిగ్గా అనేస్తుంటారు. అంత తేలికేం కాదు. సన్నాయి లేనిదే శుభకార్యం లేదన్న ఇళ్లే, వాయించేవాళ్లని వాకిట్లో ఓ మూల కూర్చోబెట్టాయి. వాళ్లలో ముస్లింలూ ఉన్నారు, మంగలి కులస్థులూ ఉన్నారు. అందరి భోజనాలూ అయ్యాకే వాళ్ల వంతు. పాటకున్న మర్యాద పాటగాడికి అందడానికి చాలా కాలమే పట్టింది.

అయితే ఒక చిత్రం ఉంది. సన్నాయి కొసనుండే పీకని నోట తడిపితేగానీ అది పలకదు. ఎంగిలి మాటెత్తితే కడవలోని నీళ్లు పారబోసిన నాయనమ్మలు కూడా, ఆ తడిసిన పీకలోంచి స్వరం రాగానే కొంగు సర్దుకుని, అక్షింతలు పట్టుకుని లేచి నిలబడేవాళ్లు.