ఈ చిల్లు ఎవరు పెట్టారు?

వైజాగ్‌లో బీచ్‌కి బయల్దేరేవాళ్లు మామూలుగా రెండు విషయాలు చూసుకుంటారు. ఎండ తగ్గిందా, బండి పెట్టుకోవడానికి చోటు దొరుకుతుందా అని. నేను మూడోది కూడా చూసుకుంటాను. పాటు ఎన్నింటికి?

సముద్రం ఒడ్డుకి ఎక్కడం పోటు, వెనక్కి దిగడం పాటు. రోజుకి దాదాపు రెండేసిసార్లు. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూగా నీళ్లు ఇంకా బాగా వెనక్కి పోతాయి. అప్పుడు కూడా మన దగ్గర పోటుకీ పాటుకీ తేడా ఒకటిన్నర మీటరుకి కాస్త అటూ ఇటూ, అంతే. కానీ ఆ కాస్త నీటి కింద ఓ ఊరే ఉంది. మిగతా టైమ్‌లో ఇసక మీద మనం ఏరుకునేవి ఆ ఊళ్లో చచ్చిపోయినవాళ్ల ఇళ్లు.

ఈ పిచ్చి నాకు అంటించింది మా మేనకోడలు. ఎనిమిదేళ్లు. హైదరాబాద్‌లో పెరుగుతోంది కాబట్టి సముద్రం దానికి సెలవుల్లో మాత్రమే ఉంటుంది. కిందటి వేసవిలో రుషికొండలో దోసిలి నిండా చిప్పలు ఏరుకొచ్చి, వాటిల్లోంచి నాలుగు విడిగా తీసి నా ముందు పెట్టింది. నాలుగింటికీ ఒకే చోట, రెండు చిప్పలూ కలిసే మడతకి దగ్గర్లో, డ్రిల్లింగ్ మెషీన్‌తో పెట్టినట్టు గుండ్రటి చిల్లు.

"మావయ్యా, ఈ చిల్లు ఎవరు పెట్టారు?"

"దండ గుచ్చుకుంటావని దేవుడే పెట్టుంటాడులే" అంది మా అక్క, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. పాపకి అది నచ్చలేదు. నాకూ నచ్చలేదు. నాలుగు చిప్పలకి ఒకే చోట చిల్లు పడిందంటే అది రాళ్లకి కొట్టుకుని పడింది కాదు. ఆఫీసులో సర్వర్ పడిపోతే లాగ్‌లు ముందేసుకుని కూర్చుంటాం చూడండి, ఆ రాత్రి అలాగే కూర్చున్నాను.

హంతకుడు దొరికాడు. నత్త. నున్నగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఇంగ్లీషులో దాన్ని మూన్ స్నెయిల్ అంటారు. ఇసక కిందే పాకుతూ వెళ్లి, ఆల్చిప్పని తన మెత్తటి పాదంతో చుట్టేస్తుంది. ఆల్చిప్ప తలుపులు బిగించేసుకుంటుంది. నత్తకేం తొందర లేదు. ఓ రకం ఆమ్లం రాసి చిప్పని మెత్తబరుస్తుంది, ఆకురాయిలాంటి నాలుకతో గీకుతుంది. మళ్లీ రాస్తుంది, మళ్లీ గీకుతుంది. గంటల తరబడి ఇదే పని. చిల్లు పడ్డాక లోపలున్న మాంసం తినేసి వెళ్లిపోతుంది. ఆ చిల్లు అంచు పైన వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. గోరు పెట్టి తడిమితే తెలుస్తుంది.

మర్నాడు పొద్దున్నే పాపకి ఈ కథంతా చెప్పాను. భయపడుతుందేమో అనుకుంటే, పరిగెత్తుకెళ్లి సగంలో ఆగిపోయిన చిల్లున్న చిప్ప ఒకటి వెతికి తెచ్చింది. "ఇది తప్పించుకుంది!" అంది. ఏ అలో వచ్చి నత్తని విదిలించేసిందేమో. ఆ చిప్ప తర్వాత ఇంకెన్నాళ్లు బతికిందో మనకి తెలీదు. ఆ పూట మాత్రం బతికింది.

అక్కణ్నుంచి మేం ఖాళీ చిప్పలు మానేసి, బతికున్నవాటి వెంట పడ్డాం. అల వెనక్కి లాగినప్పుడు తడి ఇసక మీద వేలిగోరంత చిప్పలు నిలువుగా లేచి, పాదం దింపి క్షణంలో బుడుంగున మునిగిపోవడం మీరూ చూసే ఉంటారు. అవి అలతోపాటే పైకీ కిందకీ ఇల్లు మారుస్తూ ఉంటాయి. రెండు సన్నటి గొట్టాలు పైకి పెట్టి, ఒకదాంతో నీళ్లు లోపలికి లాగి, వడకట్టుకుని తిని, రెండోదాంతో బయటికి వదిలేస్తాయి.

ఇసక కంటే రాళ్లు ఇంకా బాగుంటాయి. 2020లో బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి ఆగింది కదా, తెన్నేటి పార్కు కింద, అక్కడికి వెళ్లాం. రాయి అనుకున్నది సగం రాయి కాదు. అతుక్కుపోయిన ఆల్చిప్పలు, చైనా టోపీల్లాంటి నత్తలు, కాళ్లు కోసేసే తెల్లటి గుల్లలు. ఆ గుల్లలు చూడ్డానికి చిప్పల్లా ఉన్నా, చుట్టరికం మాత్రం రొయ్యలతోనూ పీతలతోనూ. తల రాయికి అతికించుకుని, కాళ్లతో నీళ్లని తోడుకుని తిండి తింటాయి. పాప ఇది విని పావుగంట నవ్వింది.

అక్కడే ఒకావిడ ఇనుప చువ్వతో రాళ్ల మీంచి చిప్పలు ఊడదీస్తోంది. అరవై దాటి ఉంటాయి. నేను ఫోన్‌లో పాటు టైమ్ మళ్లీ చూసుకుంటుంటే, "ఏటి బాబూ, దాన్నడుగుతన్నావా? నిన్న దిగిన ఏలకి ముప్పావుగంట ఆలీసం. రోజూ అంతే" అంది. ఫోన్ చెప్పిందీ దాదాపు అదే. చంద్రుడి వల్ల పాటు రోజుకి సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది.

చిన్నచిన్నవి ఊడదీయకుండా వదిలేస్తోంది. ఎందుకని అడిగాను. "ఒగ్గెయ్యాల. మళ్లీ వచ్చేది నానే కదా." గెడ్డ నీళ్లు సముద్రంలో కలిసే చోట మాత్రం ఒక్క చిప్ప కూడా ముట్టుకోదట. అది ఎంత తెలివైన మాటో చెప్పాలంటే, పైన చెప్పిన వడకట్టే సంగతి గుర్తుచేసుకోవాలి. నీళ్లలో ఏముంటే అది చిప్ప లోపలికి పోతుంది. అందులోంచి మన కంచంలోకి. బీచ్‌లో ఈ మాట చెప్పే బోర్డు నాకైతే ఒక్కటీ కనపడలేదు.

"నల్లగున్న రాయి మీద కాలెట్టకమ్మా, జారిపోతాది" అని పాపకి చెప్పి, తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. మేం అక్కణ్నుంచి రోడ్డెక్కి ఆర్కే బీచ్‌కి వచ్చేశాం.

అసలు చిక్కు అక్కడ వచ్చింది. గవ్వలమ్మే బండి దగ్గర పాప ఆగిపోయింది. చుక్కల చుక్కల గవ్వలు, మొహం కనపడేంత మెరుపు. మా అమ్మ అష్టాచెమ్మా ఆడే నాలుగు గవ్వలు మెరుపు పోయి, అరిగిపోయి ఉంటాయి. "ఇవెందుకు ఇంత మెరుస్తున్నాయి?" అంది.

దానికి జవాబు నాకు తెలుసు. చెప్పాలా వద్దా అన్నదే ప్రశ్న. గవ్వలోని జీవి తన ఒంటి పొరతో గవ్వని బయట్నుంచి కూడా కప్పుకుని ఉంటుంది. ఆ పొర వల్లే మెరుపు. అది చచ్చి, గవ్వ అలల్లో, ఎండలో పడి ఉంటే మెరుపు పోతుంది. అంటే ఇంతగా మెరిసేవి ఎక్కువగా బతికుండగా పట్టినవే.

చెప్పాను.

"అంటే దీన్ని చంపేశారా?"

బండి ఆయన వింటున్నాడు. నాకు ఇబ్బందిగా అనిపించింది. ఆయన పొట్ట ముందు నుంచుని నేను పాఠం చెబుతున్నాను. అయినా అవునన్నాను.

ఆయన కోప్పడలేదు. "మేం పట్టలేదు పాపా. మాకు మూటల్లో వస్తాయి. ఇయ్యి ఇక్కడివి కావు కూడా" అన్నాడు. నిజమే అయ్యుంటుంది. మన రాళ్ల దగ్గర అన్ని తిరుగుళ్లు తిరిగినా నాకు అంత గవ్వ ఒక్కటీ కనపడలేదు. నాటిలస్, రాక్షస ఆల్చిప్పలాంటి కొన్ని రకాలకి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఈ చుక్కల గవ్వ గురించి అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

పాప గవ్వని వెనక్కి పెట్టేసింది. పెట్టేసి మళ్లీ తీసింది. మళ్లీ పెట్టింది. నేనేం మాట్లాడలేదు. చివరికి ఆయన్నే అడిగింది, "చిల్లువి ఉన్నాయా అంకుల్, నత్త పెట్టినవి?"

"చిల్లిగవ్వలు ఎవరు కొంటారమ్మా?" అని నవ్వాడాయన. కానీ వంగి, బండి కింద పెట్టిన డబ్బాలో చెయ్యిపెట్టి వెతకడం మొదలెట్టాడు.