రొయ్య పెంకు... సూది లేని ఇన్సులిన్!

రొయ్యలు వలిచాక పెంకులూ తలకాయలూ చెత్తబుట్టలో వేస్తాం. దేశంలో రొయ్యల సాగుకు మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే కాబట్టి మన కోస్తాలో ఈ పెంకులకు కొదవేం లేదు. వాటి నుంచి తీసిన పదార్థంతో మందుల్ని ఒంట్లోకి మోసుకెళ్లే నానో రేణువులు చేస్తున్నారని చదవగానే నాకు అమ్మ గుర్తొచ్చింది.

అమ్మకు షుగరు. పదకొండేళ్లుగా పొద్దునా రాత్రీ ఇన్సులిన్ పొడుచుకుంటోంది. ‘బీపీకి బిళ్ల ఉంది, థైరాయిడ్‌కు బిళ్ల ఉంది. దీనికేం మాయరోగమే, బిళ్ల అవడానికి?’ అంటుంది సూది తీసినప్పుడల్లా.

అడగాల్సిన ప్రశ్నే. ఇన్సులిన్‌ను తొలిసారి మనిషికి ఇచ్చింది 1922లో, టొరంటోలో. వందేళ్లు దాటినా ఎక్కువమందికి సూదే దిక్కు. ఎందుకంటే అదొక ప్రొటీన్. మింగితే పప్పూ గుడ్డూ అరిగినట్టే అరిగిపోతుంది. తప్పించుకుని పేగుదాకా వెళ్లినా, అంత పెద్ద అణువును పేగు గోడ లోపలికి రానివ్వదు.

రొయ్య పెంకు సాయం ఇక్కడే. యాసిడ్‌తో అందులోని సున్నం తీసేస్తే కైటిన్ మిగులుతుంది. దాన్ని కాస్టిక్ సోడాలో కాగిస్తే కైటోసాన్ అవుతుంది. దానిది ధనావేశం, పేగు లోపలి జిగురుది రుణావేశం. అందుకే రెండూ అతుక్కుంటాయి. వెంట్రుక మందంలో కొన్ని వందల వంతు ఉండే కైటోసాన్ రేణువుల్లో ఇన్సులిన్ దాస్తే, అవి పేగు గోడను పట్టుకుని, కణాల మధ్య సందుల్ని కాసేపు వదులు చేస్తాయి. చిక్కల్లా, పేగుల్లో ఆమ్లం తగ్గగానే కైటోసాన్ తన ఆవేశం పోగొట్టుకుంటుంది. దాంతో అణువును కాస్త మార్చి ట్రైమిథైల్ కైటోసాన్ తయారుచేశారు. ఇది ఆమ్లం లేనిచోటా ఆవేశం నిలుపుకొంటుంది. మధుమేహం ఉన్న ఎలుకల్లో ఇలాంటి రేణువులు చక్కెరను తగ్గించాయి.

అమ్మకు ఇదంతా చెబితే మొహం వెలిగింది. ‘అయితే ఎప్పుడొస్తుందే?’

తారీఖు చెప్పలేకపోయాను. మింగిన ఇన్సులిన్‌లో రక్తానికి చేరేది కొద్దిపాలే. అదీ మనిషిని బట్టి, తిన్న తిండిని బట్టి మారుతుంది. ఎక్కువైతే ఏమవుతుందో మా ఇంట్లో తెలుసు. కిందటేడు ఓ అర్ధరాత్రి అమ్మకు చక్కెర పడిపోయింది. ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు. చక్కెర నీళ్లు తాగించి, తేరుకునేదాకా మా ప్రాణాలు మాలో లేవు. కొలిచి ఎక్కించుకునే సూదితోనే అలా అయితే, ఎంత చేరుతుందో తెలియని బిళ్లతో ఇంకెలా ఉంటుంది?

గాయాల రక్తం ఆపే కట్లలో కైటోసాన్ ఇప్పటికే వాడకంలో ఉంది. ఇన్సులిన్ బిళ్లగా మాత్రం ఇంకా మందుల షాపుకు రాలేదు. ఈలోగా ఎవరైనా ‘రొయ్య పెంకు పొడి తింటే షుగరు మాయం’ అంటే నమ్మకండి. ఆ పొడిలో ఇన్సులిన్ ఉండదు. డాక్టరు చెప్పనిదే సూది మానొద్దు.