బొమ్మలన్నీ ఎల్ దాకానే

ధర్మసాగర్ నుంచి హన్మకొండ చౌరస్తాకు పోయి టీషర్టు అడిగితే వచ్చే జవాబు నాకు ముందే తెలుసు: "మీ సైజుల బొమ్మలు రావక్కా, జెంట్స్‌ల చూడుండ్రి." జెంట్స్‌ది వేసుకుంటే భుజాలు జారుతాయి, నడుము కింద బిగుస్తుంది. పిల్లులు, పువ్వులు, కొంటె మాటలు ఎల్ దాకానే. ఆపైన మిగిలేవి నలుపు, నేవీ బ్లూ. లావైనవాళ్లకు సరదా ఎందుకనుకుంటారో ఏమో!

కారణాలు లేకపోలేదు. సైజు పెరిగితే బట్ట ఎక్కువ పడుతుంది. చిన్న కొలతనే నాలుగువైపులా పెంచితే కుదరదు; ఛాతీకి, చంకకు కటింగే మారాలి. అన్ని సైజులకూ ఒకే ప్రింటు ఫ్రేము వాడితే పెద్ద షర్టు మీద బొమ్మ బిళ్లంత కనిపిస్తుంది. ఇంకో ఫ్రేమంటే ఇంకో ఖర్చు.

కొనేవాళ్లు లేరంటే మాత్రం ఒప్పుకోను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ మహిళల్లో సుమారు 30 శాతం మంది అధిక బరువో ఊబకాయమో ఉన్నవాళ్లే. మనవాళ్ల ఒంటి కొలతల కోసం జాతీయ ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ 'ఇండియాసైజ్' సర్వే చేపట్టింది కూడా.

అమ్మకు ఈ తిప్పలు లేవు. చీరకు సైజుండదు, జాకెట్టు టైలరు కొలిచి కుడతాడు. రెడీమేడ్ వచ్చాక బట్టకు తగ్గట్టు మనమే ఉండాల్సి వస్తోంది.

మా వరంగల్‌లో 1934లో అజంజాహి బట్టల మిల్లు, ఇప్పుడు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు. ఓరుగల్లుకు బట్ట కొత్త కాదు. ఎవరైనా త్రిబుల్ ఎక్సెల్‌లో పసుపు టీషర్టు కుట్టి, దానిమీద పళ్లికిలించే పిల్లిని అచ్చేస్తే, వంద ఎక్కువిచ్చైనా రెండు కొంటా.