పొగ తగ్గిన పొయ్యి

మా కోవిల్పట్టి, విరుదునగరు ప్రాంతపు నల్లరేగడి పల్లెలలో పత్తికట్టె, సీమకరువేల కంపయే వంటచెరకు. మా తల్లిగారు ఆ పొగలో కన్నులు తుడుచుకొనుచునే మాకు సజ్జసంకటి వండి పెట్టిరి. అది స్త్రీల నుదుటివ్రాత యని మేము తలచితిమి.

2006లో బీపీ సంస్థ, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ తోడ్పాటుతో, 'ఊర్జా' పొయ్యిని తమిళనాట, మహారాష్ట్రమున అమ్మకమునకు దెచ్చెను. పొలములలో మిగిలిన చెత్తతో చేసిన గుళికలను అందులో కాల్తురు. చిన్న పంకా గాలి నూదుటచే పొగ తగ్గును. ఇల్లిల్లు తిరిగి వానిని అమ్మినవారు పల్లె స్త్రీలు.

మా బంధువుల కోడలొకతె అట్టి పొయ్యిల నమ్మబూనగా, "మన యింటి కోడలు వీధుల తిరుగుటయా?" యని అడ్డుపడినవారము మేమే. ఆమె, "మామా, మీకు వచ్చిన పద్దులు నాకు నేర్పండి, చాలు" అనెను. గుమాస్తాగిరి చేసిన మాకు సిగ్గు కలిగెను, నేర్పితిమి. తొలి లాభముతో ఆమె తన పేర బ్యాంకు ఖాతా తెరచెను.

పిదప గుళికల ధర పెరిగెను. 2009లో ఊర్జా వ్యాపారము చేతులు మారెను. 2016లో ఉజ్జ్వల పథకము పేద స్త్రీల పేరనే గ్యాసు కనెక్షను నొసగెను. పొయ్యి మూలబడినది గాని, ఆమె పద్దుపుస్తకము మూలబడలేదు. నేడామె సౌరదీపముల నమ్ముచున్నది.

సోదరులారా, మన ఆడువారు గడప దాట నెంచినపుడు అడ్డు నిలువకుడు. పద్దు వ్రాయ నేర్పుడు.