డాబా మీద తంగేడు

చార్మినార్ నుంచి శాలిబండ మీదుగా లాల్‌దర్వాజా వైపు నడిస్తే, లాడ్‌బజార్ గాజుల మిలమిలలు వెనకబడి ఇరుకు సందులు మొదలవుతాయి. అలాంటి ఓ సందులో తలెత్తి చూస్తే డాబా మీద పచ్చగా విరగబూసిన తంగేడు! గుట్టల్లో, బీళ్లలో పెరిగే పువ్వుకి పాతబస్తీలో ఏం పని?

ఆ ఇంటి పెద్దావిడ పైకి రమ్మన్నారు. ఒకప్పుడు బతుకమ్మ వచ్చిందంటే ఊరి బయటికెళ్లి ఒడినిండా కోసుకొచ్చేవారట. ఆ బీళ్లన్నీ కాలనీలైపోయాయి. బజార్లో కొందామంటే ఇల్లు చేరేలోపే వాడిపోతుంది. అందుకే పుట్టింటి నుంచి ఎండుకాయలు తెచ్చి డ్రమ్ములో వేశారు.

గింజ పెంకు మహా గట్టిది. గరుకురాతి మీద కాస్త రుద్ది, రాత్రంతా నానబెట్టాలి. ఎర్రమట్టిలో ఇసుక కలపాలి, డ్రమ్ము అడుగున చిల్లులుండాలి. వేరు లోతుకి పోతుంది కాబట్టి చిన్నకుండీ పనికిరాదు. ఎండ ఎంతైనా ఓర్చుకుంటుంది, నీళ్లు నిలిస్తేనే కుళ్లిపోతుంది. మొదటి రెండు మొక్కల్నీ ముద్దుచేసి, రోజూ నీళ్లుపోసి ఆవిడే చంపుకున్నారట. పూత అయ్యాక కొమ్మలు కత్తిరిస్తే గుబురుగా పెరిగి ఏళ్ల తరబడి పూస్తుంది.

తోళ్లు పదును చేయడానికి దీని బెరడు వాడేవారు. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. హోదా సరే, గుప్పెడు నేల ఏదీ?

ఒక్క డ్రమ్ము పువ్వుతో బతుకమ్మ నిండదు. కింది వరస ఇంటి తంగేడు, పైన కొన్న గునుగు, బంతి.

ఇప్పుడు ఆవిడ బెంగ వేరే. పక్కింటివాళ్లు మరో అంతస్తు లేపుతున్నారు, మధ్యాహ్నపు ఎండ పోతుంది. డ్రమ్మును అటు మూలకి జరపాలన్నారు. నేనూ ఓ చెయ్యి వేశాను.